పట్టకారుతో పేకాట

పోయిన వారం మనం అనంతరామయ్యగారిని అల్లుడి బేస్‌మెంట్‌లో, ఓ ఖాళీ కుర్చీ పక్కన, చేతిలో మిరపకాయ బజ్జీల పళ్ళెంతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ వారం రోజులూ ఆయన అలాగే నిలబడి ఉన్నారు. బజ్జీలు మెత్తబడిపోయాయి.

ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. అమెరికాలోని అరోరాలో అల్లుడు ఉమాకాంత్‌తో కలిపి ఎనిమిది మంది స్నేహితులు నెలకోసారి అతనింట్లో పోకర్ ఆడతారు. ఇన్నాళ్ళూ తలా ఇరవై డాలర్లు వేసుకునేవారు. టీవీలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని లక్షలు గెలిచేవాళ్ళని చూసి చూసి ఉమాకాంత్‌కి ఇరవై చప్పగా అనిపించింది. ఈ ఏప్రిల్ శనివారం ఆటకి తలా రెండు వందలన్నాడు. డబ్బుకి బదులు పందెం కాయడానికి బరువైన కొత్త బిళ్ళలు తెప్పించాడు. పిల్లల చదువు కోసం కొన్న వైట్‌బోర్డుని కిందికి మోసుకొచ్చి, మొదటి బహుమతి 1000, రెండోది 600 అని బెత్తెడేసి అంకెలు రాశాడు. భార్య రాగిణికి మాత్రం ఎప్పటిలాగే ఇరవై అని చెప్పాడు. ఆవిడ తల్లి బాలమణిని వెంటబెట్టుకుని గుడిలో కల్యాణానికి వెళ్ళింది. ఆరింటి దాకా రారని ఉమాకాంత్ లెక్క.

ఆట మొదలైన గంటకి డాక్టర్ జగదీష్‌ పేజర్ మోగింది. "అంకుల్, నా బదులు మీరు ఆడండి. వచ్చిందాంట్లో సగం మీది" అని తన బిళ్ళలు కుర్చీ ముందు వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తాడు.

పేక అంటే పిలవకుండానే వచ్చి కూర్చునే మనిషి అనంతరామయ్య. కానీ ఒట్టు ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట తెనాలి క్లబ్బులో ఒక్క సాయంత్రంలో ఆయన బాలమణి బంగారు గాజులు నాలుగూ పోగొట్టారు. ఇంటికొచ్చి, బాలమణి పట్టుబట్టగా, పదేళ్ళ రాగిణిని ఎదురుగా నిలబెట్టుకుని, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. అప్పటినుంచి ముక్క ముట్టలేదు. బాలమణి దగ్గర ఆయనకి మిగిలిన పరువంతా ఆ ఒట్టే. అదీ పోతే ఇక ఆవిడ ముఖం చూడలేనని ఆయనకి బాగా తెలుసు.

మరి ఆ కుర్చీ పక్కనుంచి కదలరెందుకంటే, ఎదురుగా కూర్చుని బిళ్ళలు దొంతరలుగా పేరుస్తున్న గౌరీశంకర్ ఎవరో ఆయనకి పది నిమిషాల కిందటే తెలిసింది. ఆ రోజు క్లబ్బులో ఆ గాజులు గెలుచుకున్న పరంధామయ్య కొడుకు అతను.

*

"కూర్చోండి బాబాయ్‌గారూ," అన్నాడు గౌరీశంకర్ మర్యాదగా. "మా నాన్న మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు. మీ అంత నవ్వుతూ ఓడిపోయేవాళ్ళు క్లబ్బులో ఇంకొకరు లేరట."

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. అనంతరామయ్య చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పళ్ళెం బల్ల మీద పెట్టారు. కుర్చీ వీపు పట్టుకున్నారు. మళ్ళీ వదిలేశారు.

"నాకు ఒట్టుంది నాయనా," అన్నారు నీరసంగా.

"ఒట్టుల ఏమన్నరు అంకుల్? ఎగ్జాక్ట్ వర్డింగ్ చెప్పుండ్రి," అన్నాడు ముక్కలు కలుపుతున్న శ్యామ్‌సుందర్.

శ్యామ్‌సుందర్‌ది వరంగల్. ఓ బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎక్కడ కంతలున్నాయో వెతికినందుకు అతనికి జీతమిస్తారు. శని, ఆదివారాల్లో జీతం లేకుండా కూడా వెతుకుతాడు. తొందరపడి ఆడి మొదటి అరగంటలోనే తన బిళ్ళలన్నీ పోగొట్టుకుని, అప్పటినుంచి అందరికీ ముక్కలు పంచిపెడుతున్నాడు.

అనంతరామయ్య కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నారు. "నా కూతురి తల మీద ఒట్టు. ఈ జన్మలో పేక ముక్క చేత్తో ముట్టను. ఇదీ నేనన్నది."

"చేత్తో అన్నరా?"

"చేత్తో అనే అన్నాను."

"చూడనన్నరా?"

"చూడననలేదు."

"ఆడనన్నరా?"

అనంతరామయ్య ఆలోచనలో పడ్డారు. "ముట్టకుండా ఎలా ఆడతాం నాయనా? రమ్మీకి పదమూడు ముక్కలు చేతిలో విసనకర్రలా పట్టుకోవాలి."

"గదే చెప్తున్న. ఇది రమ్మీ కాదు గద. ఇందుల మీకు వచ్చేటివి రెండే ముక్కలు. బోర్లేసి టేబుల్ మీదనే ఉంటయి, అంచు లేపి చూస్కుంటే సాలు. తక్కిన అయిదు నడుమల నేనే పరుస్త, అవి అందరివి. ఏడింట్ల మంచియి అయిదు లెక్కకొస్తయి. మీ రిక్వైర్‌మెంట్‌ల చెయ్యి అని క్లియర్‌గ ఉంది అంకుల్. చెయ్యి వాడకుంటే బగ్ లేదు."

"బిళ్ళలో?"

"బిళ్ళల ముచ్చట ఒట్టులనే లేదు."

అనంతరామయ్యకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా తాళం వేసి ఉన్న గదికి పక్కన ఇంకో తలుపుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు మరి. "అయితే దేంతో లేపాలి?" అన్నారు.

ఒకరు చేతి తొడుగులన్నారు. తొడుగు లోపల ఉండేది చెయ్యే కాబట్టి టెస్టర్ ఒప్పుకోలేదు. ఇంకొకరు ఫోర్కు అన్నారు. ముక్కలకి చిల్లులు పడతాయని ఉమాకాంత్ వద్దన్నాడు. అప్పుడు అనంతరామయ్య ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళి, బాలమణి పట్టకారు తెచ్చుకున్నారు.

ఆ పట్టకారు మామూలుది కాదు. అమెరికా పట్టకార్లు పుల్కాని పట్టుకోవు, పీకుతాయి అని బాలమణి తెనాలి నుంచి పెట్టెలో, పట్టుచీర మడతల మధ్య పెట్టి తెచ్చుకున్నది. దాన్ని రెండో మనిషి ముట్టడానికి వీల్లేదు.

"మావయ్యగారూ, అది అత్తయ్యగారిది," అన్నాడు ఉమాకాంత్ భయంగా.

"ఆరింటికి కదా వచ్చేది," అని అనంతరామయ్య కుర్చీలో కూర్చున్నారు.

మొదటి ఆటలోనే పట్టకారు జారి ఆయన ముక్క వెల్లకిలా పడి, కళావరు రాణి అందరికీ కనిపించింది. రెండో ఆటలో ముక్క ఎగిరి బజ్జీల పళ్ళెంలో పడింది. మూడో ఆటకి చెయ్యి కుదిరింది. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, కుడిచేత్తో పట్టకారు మొన మెల్లగా దూర్చి, ముక్క మూల అర అంగుళం లేపి, వంగి చూసి, దించేవారు. చూశాక ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ ఆకలితో ఉన్న మనిషి ముఖంలో వేరే మార్పుకి చోటెక్కడిది.

నిజంగానే బాగా ఆడారు. ఎవరు ఏ ముక్క చూసి ఊపిరి బిగబడుతున్నారో కనిపెట్టేవారు. పనికిరాని ముక్కలొస్తే "డ్రాప్" అనేవారు రమ్మీలో అన్నట్టు. నాలుగింటికల్లా ఉమాకాంత్‌తో సహా అందరి బిళ్ళలూ అయిపోయి, ఆయనా గౌరీశంకర్ మాత్రమే మిగిలారు. మిగిలిన వాళ్ళు చుట్టూ కుర్చీలు లాక్కుని చూస్తున్నారు.

గౌరీశంకర్ కూడా తక్కువవాడేం కాదు. ఓసారి చూపుడువేలితో ముక్కు పక్కన రాసుకుంటూ, పెద్ద దొంతర ముందుకు తోశాడు. అనంతరామయ్య జడిసి డ్రాప్ అన్నారు. గౌరీశంకర్ నవ్వుతూ తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండూ చిల్లర ముక్కలు.

"నాన్న దగ్గర నేర్చుకున్నావా?" అన్నారు అనంతరామయ్య.

"లేదండీ. నాన్న ముక్కలు లేకుండా పందెం వేసేవారు కాదు."

అనంతరామయ్య తన బిళ్ళలు సర్దుకున్నారు. ఆ గాజులు గుర్తొచ్చాయి. అవి పోయిన ఏడాదికి బాలమణి అచ్చం అలాంటివే రోల్డ్ గోల్డ్ గాజులు వేసుకుని కనిపించింది. చేతులు బోసిగా ఉంటే నలుగురూ అడుగుతున్నారని బజారులో కొనుక్కున్నానంది. ఆ గాజుల చప్పుడు వినపడినప్పుడల్లా ఆయనకి గుండెలో కలుక్కుమంటుంది. రిటైరైన రోజు ఆ డబ్బుతో నిజమైనవి కొందామని షాపు దాకా లాక్కెళితే, "ఈ వయసులో నాకెందుకండీ" అని ఆవిడ గుమ్మం ఎక్కలేదు. మొన్న విమానం ఎక్కేటప్పుడు కూడా, గాజులు జాగ్రత్త అని ఎవరో అంటే, అవి రోల్డ్ గోల్డేలెండి అని చెప్పాల్సి వచ్చి సిగ్గుతో చచ్చిపోయారు. ఇవాళ ఈ కుర్రాడి మీద ఒక్క ఆట గెలిస్తే చాలు. డబ్బు జగదీష్‌నే ఉంచుకోమంటారు.

శ్యామ్‌సుందర్ మళ్ళీ ముక్కలు పంచాడు. అనంతరామయ్య పట్టకారుతో మూల లేపారు. తొమ్మిది. రెండోది లేపారు. ఇంకో తొమ్మిది.

గౌరీశంకర్ తన ముక్కలు చూసుకుని, బిళ్ళలన్నీ రెండు చేతులతో బల్ల మధ్యకి తోసేశాడు. "ఆల్ ఇన్," అన్నాడు.

అంటే మొత్తం పందెం. ఇద్దరి దగ్గరా దాదాపు సమానంగా ఉన్నాయి. ఒప్పుకుని గెలిస్తే ఆట అయిపోతుంది. ఒప్పుకుని ఓడినా అయిపోతుంది.

సరిగ్గా అప్పుడు పైన గరాజ్ తలుపు గరగరలాడుతూ లేచింది.

ఉమాకాంత్ గడియారం చూశాడు. నాలుగుంపావు. పైన చెప్పులు విప్పిన చప్పుడు, సంచులు పెట్టిన చప్పుడు. రాగిణి గొంతు, "భోజనాల లైను పార్కింగ్ దాకా ఉందమ్మా, మంచి పని చేశాం వచ్చేసి." బాలమణి గొంతు, "నాలుగు పుల్కాలు కాల్చేస్తాను, ఎంతసేపు." సొరుగు తెరిచారు. మూశారు. ఇంకో సొరుగు తెరిచారు.

"రాగిణీ, నా పట్టకారేదే?"

బేస్‌మెంట్‌లో అందరూ అనంతరామయ్య చేతికేసి చూశారు.

*

ఉమాకాంత్ ఒక్క గెంతులో వైట్‌బోర్డు దగ్గరికి వెళ్ళి, అంకెల మీద వీపు ఆనించి నిలబడ్డాడు. అనంతరామయ్య పట్టకారుని బజ్జీల పళ్ళెంలో పెట్టి, దాంతో ఒక బజ్జీ పట్టుకున్నారు. గౌరీశంకర్ చేతులు కట్టుకున్నాడు. బాలమణి మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ, ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. వెనక రాగిణి.

బాలమణి పట్టకారుని చూసింది. మొగుణ్ణి చూసింది. "బజ్జీలు పట్టకారుతో తింటున్నారా?" అంది.

"వేడిగా ఉన్నాయి," అన్నారు అనంతరామయ్య.

ఆవిడ ఒక బజ్జీని వేలితో తాకింది. "మధ్యాహ్నం నేను వేసి వెళ్ళినవి. చల్లారి మూడు గంటలైంది."

ఆయన పట్టకారులో ఉన్న బజ్జీని నోట్లో పెట్టుకున్నారు. అందువల్ల జవాబు చెప్పే పని తప్పింది.

బాలమణి బల్ల మీద పక్కన పారేసిన ముక్కల్లోంచి ఒకటి తీసింది. దాని మూలకి చిన్న గాటు ఉంది. ఇంకోటి తీసింది. దానికీ గాటే. పట్టకారు అందుకుని, దాని మొన ఆ గాటు దగ్గర పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది. ఆవిడ ముక్కలు మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"ఒట్టు తప్పలేదు బాలా," అన్నారు అనంతరామయ్య బజ్జీ మింగి. "చేత్తో ముట్టలేదు. కావాలంటే వీళ్ళని అడుగు."

"నిజం ఆంటీ," అన్నాడు శ్యామ్‌సుందర్. "అన్ని కేసులు నేనే చెక్ చేసిన."

"నా తల మీద వేసిన ఒట్టు కదూ నాన్నా అది?" అంది రాగిణి. "వారం రోజుల్నించి నాకు మైగ్రేన్. ఎందుకొచ్చిందా అనుకుంటున్నాను."

"వారం నుంచంటే నాకు సంబంధం లేదమ్మా. నేను కూర్చుని గంటన్నరే అయింది."

ఎవరూ నవ్వలేదు. బాలమణి ఏమైనా అంటే బాగుండునని అనంతరామయ్యకి అనిపించింది. ఆవిడ ఏమీ అనకుండా నిలబడటం ఆయన భరించలేకపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పేనే. చేత్తో ముట్టలేదని ఎన్ని చెప్పినా తప్పే. కానీ ఈ అబ్బాయి ఎవరో తెలుసా? పరంధామయ్య కొడుకు. రోజూ నీ చేతికి ఆ రోల్డ్ గోల్డ్ చూస్తూ ఇరవై రెండేళ్ళు బతికాను. ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి వీడి మీద గెలిచి నీకు చెప్పాలనుకున్నాను."

బాలమణి గౌరీశంకర్ కేసి తిరిగింది. కళ్ళజోడు సవరించుకుని పరకాయించి చూసింది. "నువ్వు లక్ష్మీకాంతం కొడుకువా?" అంది.

"అవునండీ పిన్నిగారూ," అని గౌరీశంకర్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. మీ అమ్మ బాగుందా? ఇంకా ఆడుతోందా?"

"ఏం ఆడుతోందాండీ?"

"పేక."

గౌరీశంకర్ తెల్లబోయాడు. "మా అమ్మకి పేక రాదండీ. నాన్న ఆడుతుంటేనే తిట్టేది."

బాలమణి ఖాళీగా ఉన్న ఓ కుర్చీలో కూర్చుని మోకాలు నొక్కుకుంది. తర్వాత చీర కొంగుతో చేతి గాజుల్ని తుడిచింది. ఒక గాజు తీసి, మొగుడి ముందు, ఆయన రెండు ముక్కల పక్కన పెట్టింది.

"లోపలి వైపు చూడండి," అంది.

అనంతరామయ్య గాజు పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూశారు. లోపల అరిగిపోయిన సన్నటి అక్షరాలు, తెనాలిలో వాళ్ళ పెళ్ళినాటి కంసాలి వేసిన గుర్తు. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఇవి," అన్నారు. "ఇవి ఆ గాజులే."

"ఆ గాజులే. రోల్డ్ గోల్డ్ కాదు."

"పరంధామయ్య తిరిగిచ్చాడా?"

"ఆయనెందుకిస్తాడు. గెలుచుకున్నాను." బాలమణి గొంతులో గర్వం లేదు, కూరలు కొన్న సంగతి చెబుతున్నట్టే ఉంది. "మీరంతా ఆఫీసులకి పోయాక మధ్యాహ్నాలు లక్ష్మీకాంతం ఇంట్లో ఆడవాళ్ళం నలుగురం కూర్చునేవాళ్ళం. అంతకుముందు మీరు మన వరండాలో ఆడేటప్పుడు అయిదేళ్ళు కాఫీలు అందించాను కదా, వెనకాల నిలబడి చూసి నేర్చుకున్నాను. మీరు చేసే తప్పులన్నీ నేర్చుకుని, అవి చెయ్యకుండా ఆడాను. మొదట పావలాలు. తర్వాత రూపాయిలు. పదకొండు నెలలు పట్టింది. ఆఖర్లో పందెంలో పెట్టడానికి చేతిలో ఏం లేక మీ సైకిలు పెట్టాను."

"నా సైకిలా?"

"మూడు రోజులు రిపేరుకి ఇచ్చానని చెప్పలేదూ?"

"ఆ మూడు రోజులూ ఆఫీసుకి నడిచి వెళ్ళాను."

"మొదటిసారి పోయింది. నాలుగో రోజు ఆడి, సైకిలూ గాజులూ రెండూ తెచ్చాను."

గౌరీశంకర్ నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ గాజులు కృష్ణలో స్నానం చేస్తుంటే జారిపోయాయంది మా అమ్మ," అన్నాడు. "నాన్న ఇద్దరు ఈతగాళ్ళని పెట్టి రెండు రోజులు వెతికించారు."

"పాపం," అంది బాలమణి మనస్ఫూర్తిగా.

అనంతరామయ్యకి కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇంత బరువు అనవసరంగా మోశానే అని తన మీద తనకే జాలి వేసింది. "నాచేత ఒట్టు వేయించుకుని నువ్వెళ్ళి ఆడావా?"

"ఒట్టు వేసింది మీరు. నేను వేయలేదు."

"పోనీ తెచ్చుకున్న రోజునైనా చెప్పొచ్చుగా. ఇరవై రెండేళ్ళు నన్ను అలా కుమిలిపోనిచ్చావు."

బాలమణి ముఖం కూడా కాస్త మారింది. "చెబితే ఆ సాయంత్రమే మళ్ళీ క్లబ్బుకి వెళ్ళేవారు," అంది. "ప్రతిరోజూ అయిదున్నరకి ఇంటికొచ్చే మొగుడు నాకు ఆ ఏడాదే దొరికాడు. పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. తర్వాత తర్వాత చెబుదామనుకున్నా నోరు రాలేదు. మీరు బాధపడుతున్నారని నాకు తెలుసు. నాదీ తప్పే."

ఆయన తల వంచుకున్నారు. ఆవిడ చెప్పింది నిజం. ఆ సాయంత్రమే వెళ్ళేవారు.

ఇంత జరుగుతున్నా వైట్‌బోర్డు ముందునుంచి ఉమాకాంత్ అంగుళం కదల్లేదు. అత్తగారికి మంచినీళ్ళు ఇవ్వాలనిపించి, అన్నీ మర్చిపోయి, పక్కనే నీళ్ళ సీసాలున్న ఐసుపెట్టె వైపు తిరిగి వంగాడు. అతని తెల్లచొక్కా వీపు మీద నీలిరంగు సున్నాలు వరసగా అచ్చుపడి ఉన్నాయి. రాగిణి వీపు చూసి, దాని వెనక బోర్డు చూసింది.

"ఉమా," అంది మెల్లగా. "ఇరవై చొప్పున ఎనిమిది మంది వేస్తే ఫస్ట్ ప్రైజ్ వెయ్యి ఎలా వస్తుంది?"

ఉమాకాంత్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. "అది, బై-ఇన్, అంటే తలా వేసుకునేది, కొంచెం పెంచాం."

"ఎంత కొంచెం?"

"రెండు వందలు ఆంటీ," అన్నాడు శ్యామ్‌సుందర్, అడగని బాలమణికి. నిజం దాచటం అతని వృత్తిలో లేదు.

"మనం పైకెళ్ళాక మాట్లాడదాం," అంది రాగిణి ఉమాకాంత్‌తో. పైకి వెళ్ళాలన్న కోరిక అతనికి పూర్తిగా చచ్చిపోయింది.

బాలమణికి ఆ గొడవ పట్టలేదు. ఆవిడ బల్ల మధ్యన కుప్పగా ఉన్న బిళ్ళలకేసి చూస్తోంది. "ఈ ఆట ఎక్కడ ఆగింది?" అంది.

శ్యామ్‌సుందర్ చెప్పాడు. గౌరీశంకర్ మొత్తం పందెం వేశాడని, అంకుల్ ఒప్పుకోవాలో మానాలో చెప్పాల్సి ఉందని, మధ్యలో అయిదు ముక్కలు ఇంకా పరవలేదని. బాలమణి రెండు ప్రశ్నలు అడిగింది. జత పెద్దదా, వరస పెద్దదా. మానేస్తే ఏం పోతుంది. తర్వాత లేచి మొగుడి పక్కకి కుర్చీ జరుపుకుంది.

"జరగండి. మీరు ఒట్టులో ఉన్నారు. నేనాడతాను."

"అభ్యంతరం ఉందా నాయనా?" అని గౌరీశంకర్‌ని అడిగింది. అతను లేదన్నట్టు తల ఊపాడు. ఊపకుండా ఉండే ధైర్యం అతనికి లేదు.

బాలమణి పట్టకారు పక్కన పెట్టి, ఉత్త వేళ్ళతో రెండు ముక్కలూ ఒక్కసారి లేపి చూసి దించింది. మళ్ళీ చూడలేదు. అక్కడినుంచి ఆవిడ చూపంతా గౌరీశంకర్ ముఖం మీదే ఉంది. అతను ఆ చూపుకి ఇబ్బందిపడి, అటూ ఇటూ కదిలి, చూపుడువేలితో ముక్కు పక్కన రాసుకున్నాడు.

బాలమణి మొదటిసారి నవ్వింది.

"మీ అమ్మకి ముక్కుపుడక ఉండేది," అంది. "చేతిలో ఏమీ లేనప్పుడే దాన్ని తిప్పుతూ కూర్చునేది. నీకు పుడక లేదు గానీ వేలు మాత్రం అక్కడికే పోతోంది." బిళ్ళలన్నీ మోచేత్తో మధ్యకి తోసేసింది. "ఒప్పుకున్నాను. అంతేనా అనడం?"

"కాల్ అంటారు ఆంటీ," అన్నాడు శ్యామ్‌సుందర్ గౌరవంగా.

గౌరీశంకర్ వేలు ముక్కు మీదే ఆగిపోయింది. ఇద్దరూ ముక్కలు తిప్పారు. ఇటు తొమ్మిదుల జత. అటు ఒక జాకీ, ఒక ఏడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారి ఊపిరి వదిలారు. అనంతరామయ్య పెళ్ళాం కేసి అలా చూస్తూ ఉండిపోయారు. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆవిణ్ణి అంత పొగరుగా, అంత అందంగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

శ్యామ్‌సుందర్ మధ్యలో ముక్కలు పరిచాడు. రాజు, మూడు, అయిదు. నాలుగోది రెండు. గౌరీశంకర్‌కి ఏదీ కలవలేదు. ఇక ఒక్కటే మిగిలింది. అది జాకీ అయితే జాకీల జత తొమ్మిదుల జతని కొట్టేస్తుంది. ఇంకేదైనా బాలమణిదే ఆట. శ్యామ్‌సుందర్ అయిదో ముక్క బోర్లాగానే బల్ల మీద పెట్టి, తిప్పబోయాడు.

"ఆగు బాబూ," అంది బాలమణి.

అందరూ ఆగారు. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు.

"ఏమండీ, అది మీరు తిప్పండి. చేత్తో."

అనంతరామయ్యకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఒట్టో?"

"వేయించుకున్నది నేను. తీసేస్తున్నాను. గాజులున్నాక ఇంకా మీకెందుకది." ఆవిడ శ్యామ్‌సుందర్ కేసి వేలు చూపించింది. "కానీ జాకీ వచ్చిందంటే ఇక్కడికిక్కడే మళ్ళీ వేయిస్తాను. ఈసారి మాటలు ఆ అబ్బాయి రాసిస్తాడు."

శ్యామ్‌సుందర్ బుద్ధిగా తల ఊపాడు. రాగిణి రెండు చేతులతో తన తల పట్టుకుంది.

అనంతరామయ్య కుడి అరచేతిని పంచెకి తుడుచుకున్నారు. ఎడమ అరచేతిని కూడా తుడుచుకున్నారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. చెయ్యి చాచారు. వేళ్ళు ముక్కకి బెత్తెడు దూరంలో ఆగాయి. బాలమణి ఆయన మోచెయ్యి పట్టుకుని ముందుకి తోసింది. గాజులు గలగలమన్నాయి. ఈసారి ఆ చప్పుడికి ఆయన గుండె కలుక్కుమనలేదు.

చల్లగా, నున్నగా, ఇరవై రెండేళ్ళ తర్వాత వేళ్ళకి ముక్క తగిలింది. పాత అలవాటు కొద్దీ ఆయన దాన్ని ఒక్కసారిగా తిప్పెయ్యలేదు. బొటనవేలితో మూల మాత్రం కొద్దిగా, కొద్దిగా లేపారు.

మూలనున్న గుర్తు బొటనవేలి కిందే ఉండిపోయింది. అంచున ఎర్రటి అంగీ కనిపించింది.

బొమ్మ ముక్క. రాజో, రాణో, జాకీయో.